కొత్త కెమెరా, పాత సిస్టమ్: రాజోలు నుంచి ఒక పెళ్ళి వీడియో ఎడిటర్ అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ళుగా పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తున్నాను. ఎడియస్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ మీదే చేయి తిరిగింది. నిరుడు మా కెమెరామ్యాన్ కొత్త కెమెరా కొన్నాడు. అది 4కెలో, 10 బిట్, 4:2:2 పద్ధతిలో తీస్తుంది. ఆ ఫైళ్ళు టైమ్‌లైన్‌లో వేస్తే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది, మూడు కెమెరాలు కలిపితే అసలు కదలడం లేదు. షాపువాళ్ళు లక్షన్నర పెట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ కొనమంటున్నారు. స్నేహితులు డావిన్చి రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌కు మారిపొమ్మంటున్నారు. ఇక ఏఐ వచ్చింది, ఎడిటర్ల పని అయిపోయింది అని రోజుకో వార్త కనిపిస్తోంది. వీటిలో ఏది పట్టించుకోవాలి? తెలుగు టైటిల్స్‌లో వత్తులు విడిపోతున్నాయి, దానికేమైనా మార్గం ఉందా? మా నాన్నగారు తీసిన పాత టేపులు అటక మీద ఉన్నాయి, వాటినేం చేయాలో కూడా చెప్పండి.

సమాధానం:

మీరడిగినవాటిలో చేతి నుంచి డబ్బు పోయేది సిస్టమ్ విషయంలోనే కాబట్టి ముందు దానిని తేల్చుకుందాం. మీ సిస్టమ్ మొరాయించడానికి కారణం 4కె అని షాపువారు చెప్పి ఉంటారు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అదే కెమెరాలో 4కెనే ఉంచి, 8 బిట్, 4:2:0కి మార్చి ఒక నిమిషం తీయించి, ఆ ఫైలును అదే టైమ్‌లైన్‌లో వేయండి. చాలా సిస్టమ్‌లలో అది ఇబ్బంది లేకుండా నడుస్తుంది. రెండు ఫైళ్ళలోనూ చిత్రం కొలత ఒకటే. మారినది కెమెరా ఆ చిత్రాన్ని కుదించి దాచిన పద్ధతి. బిట్ల లెక్క ఒక్కో రంగుకు ఎన్ని మెట్లుంటాయో చెబుతుంది, 4:2:2 వంటి అంకెలు రంగుల వివరాన్ని ఎంత దాస్తారో చెబుతాయి.

2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 అనే కుదింపు పద్ధతులు రెండూ తక్కువ చోటులో ఎక్కువ వీడియోను దాచి ప్రేక్షకుడికి అందించే ఉద్దేశంతో రూపొందినవే గాని, ఎడిటర్ ముందుకూ వెనక్కూ లాగి కోసుకోవడానికి ఉద్దేశించినవి కావు. వీటిలో సాధారణంగా ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొన్ని ఫ్రేములకొకసారి ఒక పూర్తి బొమ్మను ఉంచి, మధ్యవాటికి ముందు వెనుకల ఫ్రేములతో పోల్చి మారినదేమిటో మాత్రమే రాసి ఉంచుతారు. పాత కరణాల లెక్కల పుస్తకంలో పై వరుసలో ఉన్నదే కిందా ఉంటే ‘సదరు’ అని రాసి ఊరుకునేవారు కదా, పన్నెండో వరుసలో ఏముందో తెలియాలంటే మొదటి వరుస దాకా వేలు పెట్టుకుని పైకి పోవలసిందే. మీరు తలంబ్రాల మధ్యలో ఒక కట్ పెట్టిన ప్రతిసారీ మీ సిస్టమ్ చేస్తున్న పని అదే, మూడు కెమెరాలైతే మూడు పుస్తకాల్లో ఒకేసారి చేయాలి.

ఈ విప్పే పనిని ప్రాసెసర్ స్వయంగా చేయకుండా, చిప్పులోనే దానికోసం ప్రత్యేకంగా ఉన్న భాగానికి అప్పగించే ఏర్పాటు ఉంటుంది. 8 బిట్ 4:2:0 ఫైళ్ళకు ఈ సౌకర్యం చాలా ఏళ్ళుగా దాదాపు అన్ని సిస్టమ్‌లలోనూ ఉంది. 10 బిట్ 4:2:2కు మాత్రం అది ఆలస్యంగా, అక్కడక్కడ మాత్రమే వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి, ఆపిల్ కంప్యూటర్లలో 2020 నాటి ఎం1 చిప్పు నుంచి ఈ రకం హెచ్.265 ఫైళ్ళను విప్పే భాగం ఉంది. ఎన్విడియా కార్డులలో అది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే మొదలైంది. అంటే 30 వరుసలోనో 40 వరుసలోనో ఎంత ఖరీదైన కార్డు కొన్నా, మీ కెమెరా ఫైళ్ళను విప్పే బరువు మళ్ళీ ప్రాసెసర్ మీదే పడుతుంది. షాపువారు చూపించిన కార్డు ఏ వరుసదో మీరు రాయలేదు. అడిగి తెలుసుకోండి, ఆ ఒక్క సమాధానంతోనే లక్షన్నర పెట్టవచ్చునో లేదో సగం తేలిపోతుంది.

ఇంకొక సంగతి ఉంది, దీనిని మన పట్టణాల షాపుల్లో ఎవరూ చెప్పరు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ భాగం లేదని అర్థం. ఆటలు ఆడుకునే పిల్లలకు అది మంచి బేరమే, ఎలాగూ వేరే కార్డు పెట్టుకుంటారు, ధర కాస్త తగ్గుతుంది. ఎడిటర్‌కు మాత్రం అది తప్పు కొనుగోలు, ఎందుకంటే పైన చెప్పిన విప్పే భాగం ఆ గ్రాఫిక్స్‌లోనే ఉంటుంది. ఎడియస్ పాత వెర్షన్లలో హెచ్.264 ఎగుమతి వేగంగా జరగడానికి ఆధారపడేది కూడా దాని మీదే. కొంటే ‘ఎఫ్’ లేని ప్రాసెసరే కొనండి. మరొక మెలిక కూడా గుర్తుంచుకోండి. 11 నుంచి 14వ తరం వరకు ఇంటెల్ చేసే ఈ సాయం 10 బిట్ 4:2:2లో ఉన్న హెచ్.265 ఫైళ్ళకే తప్ప, అదే 10 బిట్ 4:2:2లో ఉన్న హెచ్.264 ఫైళ్ళకు అందదు. మీ కెమెరామ్యాన్ మెనూలో ఏది పెట్టాడో చూడకుండా సిస్టమ్ కొంటే, కొన్న తరువాత కూడా బొమ్మ ఆగుతూనే ఉండవచ్చు.

కాబట్టి నా మొదటి సలహా కెమెరా మెనూ దగ్గర మొదలవుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. పెళ్ళిలో ట్రెడిషనల్ కవరేజీకి తిరిగే కెమెరాలకు 10 బిట్ 4:2:2 ఎందుకు? రంగులను గట్టిగా దిద్దబోతున్నప్పుడు, తరువాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పని రంగుల్లో దాచే లాగ్ ప్రొఫైల్‌లో తీసినప్పుడు 10 బిట్ విలువైనదే. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే 10 బిట్‌లో 1024 ఉంటాయి, సాయంకాలపు ఆకాశం మెట్లు మెట్లుగా విరిగిపోకుండా ఉండేది దానివల్లే. అయితే అయిదు గంటల పూర్తి పెళ్ళి ఫైలును షాటు షాటుకూ రంగు దిద్ది ఇచ్చేవారు ఎంతమంది? ఎవరూ దిద్దని ఫుటేజీని లాగ్‌లో తీయడం వల్ల మిగిలేది పాలిపోయిన పసుపు బట్టలు, ఎడిటర్‌కు తలనొప్పి. వైట్ బ్యాలెన్స్‌ను మండపం లైట్లకు సరిపెట్టి, మామూలు ప్రొఫైల్‌లో, 8 బిట్ 4:2:0లో తీసిన ట్రెడిషనల్ ఫుటేజీ మీ పాత సిస్టమ్‌లోనే నడుస్తుంది. క్యాండిడ్ తీసే కెమెరాను ఒక్కదానిని 10 బిట్‌లో ఉంచండి, హైలైట్స్‌కూ టీజర్‌కూ వాడేది అదే కదా.

ఫ్రేమ్ రేటు మాట కూడా కెమెరా దగ్గరే తేల్చుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అందరూ 25 ఫ్రేముల మీద ఉంటే, షట్టర్ 1/50 మీదో 1/100 మీదో ఉంటే, మెర్క్యురీ లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు మినుకుమినుకుమనే బెడద చాలావరకు తప్పుతుంది. డ్రోన్ అబ్బాయి 30లో, ఫోనులో తీసిన బంధువు మారుతుండే ఫ్రేమ్ రేటులో ఇస్తే, ఆ ముక్కలను ముందే 25కు మార్చుకుని టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి.

ఇప్పటికే తీసి ఉన్న 10 బిట్ ఫైళ్ళకు మార్గం ప్రాక్సీ. అసలు ఫైలుకు తేలికపాటి నకలు ఒకటి తయారుచేసుకుని, కట్స్ అన్నీ దానిమీద చేసి, చివరి ఎగుమతి సమయంలో మళ్ళీ అసలు ఫైలుకు మారడమే ప్రాక్సీ పద్ధతి. ఇది సినిమా వాళ్ళ వ్యవహారమని మన వైపు చాలామంది దూరంగా ఉంచుతారు గాని, పాత సిస్టమ్ ఉన్నవాడికే దీని అవసరం ఎక్కువ. మీరు వాడే ఎడియస్‌లో ప్రాక్సీ మోడ్ ఉంది. అది వద్దనుకుంటే, ముఖ్యమైన క్లిప్పులను గ్రాస్ వ్యాలీ వారి హెచ్‌క్యూఎక్స్ అనే ఫైలు పద్ధతిలోకి మార్చుకోవచ్చు. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే, అందుకని ఎటు లాగినా వెంటనే పలుకుతుంది. అడోబీ వారి ఎడిటింగ్ ప్రోగ్రామ్ ప్రీమియర్‌లో 2016 నుంచి ప్రాక్సీ సౌకర్యం ఉంది. రిజాల్వ్‌తోపాటు 2022లో 18వ వెర్షన్ నుంచి ప్రాక్సీలు తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి విడిగా వస్తోంది. దానికి ఒక ఫోల్డర్ చూపించి రాత్రి పడుకుంటే పొద్దుటికి నకళ్ళు సిద్ధంగా ఉంటాయి.

చోటు ఎంత పడుతుందో లెక్క వేసుకుందాం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలు అయిదేసి గంటలు తిరిగితే 675 జీబీ. వీటికి 1080లో ప్రోరెస్ ప్రాక్సీ అనే తేలికపాటి పద్ధతిలో నకళ్ళు చేస్తే, 25 ఫ్రేముల దగ్గర సెకనుకు దాదాపు 38 మెగాబిట్లు, అంటే గంటకు 17 జీబీ, పదిహేను గంటలకు 255 జీబీ పైచిలుకు. మూడు కెమెరాల ప్రాక్సీలు ఒకేసారి నడిచినా సెకనుకు 15 మెగాబైట్లు దాటవు కాబట్టి మామూలు హార్డ్‌డిస్క్ కూడా తట్టుకుంటుంది. కొన్ని కెమెరాలలో ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచే ఆల్ ఇంట్రా పద్ధతి ఉంటుంది. సోనీ కొత్త కెమెరాలలో ఎక్స్‌ఏవీసీ ఎస్-ఐ అనేది అదే. టైమ్‌లైన్‌లో అది హాయిగా నడుస్తుంది గాని 4కె 25 ఫ్రేములకు సెకనుకు 250 మెగాబిట్లు, గంటకు 112 జీబీ తింటుంది. ఒక పాటకూ ఒక ప్రీ-వెడ్డింగ్‌కూ సరే, తెల్లవార్లూ సాగే పెళ్ళికి వద్దు.

హార్డ్‌డిస్కుల మాట వచ్చింది కాబట్టి, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కార్డులోని ఫైళ్ళను లాగి వదిలి, కాపీ అయ్యిందనుకుని కార్డు ఫార్మాట్ చేసే అలవాటు మానండి. కాపీ పూర్తయిన తరువాత రెండు వైపులా ఫైళ్ళను బిట్టు బిట్టుకూ పోల్చి సరిచూసే పద్ధతి ఉంది. రిజాల్వ్ ఉచిత ప్రతిలోనే మీడియా పేజీలో క్లోన్ అనే పనిముట్టు ఆ పని చేస్తుంది, విండోస్‌లో టెరాకాపీకి కూడా ఆ సరిచూపు ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనే సూత్రం ప్రపంచమంతటా ఉన్నదే. మన దీవిలో ఆ ‘వేరే చోట’ అన్నదానికి బరువెక్కువ. గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ మధ్య ఉన్నవాళ్ళం, 1986 వరదా 1996 తుపానూ చూసినవాళ్ళం, 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు సామాను పైకెక్కించినవాళ్ళం. మీ షాపులోనే పక్కపక్కన రెండు డిస్కులు పెట్టుకుంటే, నీరొచ్చినప్పుడు రెండూ కలిసే పోతాయి. చించినాడ వంతెన దాటి పాలకొల్లులోనో నరసాపురంలోనో బంధువుల ఇంట్లో, మేడ మీద గదిలో, ఒక ప్రతి ఉంచండి.

ఇక కొత్త సిస్టమ్ సంగతి. మెనూ మార్చి, ప్రాక్సీలతో ఒక ముహూర్తాల సీజన్ పనిచేసిన తరువాత కూడా కొనాలనిపిస్తే కొనండి, అప్పటికి మీకు ఏది తక్కువైందో తెలిసి ఉంటుంది. ఎడియస్‌ను వదలనంటే విండోస్ తప్పదు, అది మ్యాక్ మీద నడవదు. అప్పుడు సొంత గ్రాఫిక్స్ ఉన్న కొత్త తరం ఇంటెల్ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, తాత్కాలిక ఫైళ్ళు (క్యాష్) దాచుకోవడానికి వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి, నిల్వకు వేరుగా హార్డ్‌డిస్కులు చాలు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టదలచిన డబ్బులో సగం యూపీఎస్‌కూ డిస్కులకూ పెట్టినా నేను తప్పు పట్టను. సాఫ్ట్‌వేర్ మార్చుకోవడానికి సిద్ధమైతే, 2024 చివరలో మన దేశంలో 59,900 రూపాయల ప్రారంభ ధరతో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ మీ కెమెరా ఫైళ్ళను లక్షన్నర సిస్టమ్ కంటే తేలికగా నడిపే అవకాశం ఉంది. ఆ ధరకు వచ్చే 256 జీబీ నిల్వ పెళ్ళి పనికి ఏ మూలకూ సరిపోదు కాబట్టి బయటి ఎస్‌ఎస్‌డీ ఖర్చును లెక్కలో కలుపుకోండి.

డావిన్చి రిజాల్వ్‌కు మారాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడు వద్దు, నేర్చుకోవడం మాత్రం మొదలుపెట్టండి. ఒకప్పుడు సినిమాల రంగులు దిద్దే ఖరీదైన యంత్రంగా ఉన్న డావిన్చిని బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ 2009లో కొన్న తరువాతే అది అందరి చేతికీ వచ్చింది. ఈనాడు దాని ఉచిత ప్రతిలోనే ఎడిటింగ్, రంగులు, శబ్దం అన్నీ ఉన్నాయి, 4కె యూహెచ్‌డీలో 60 ఫ్రేముల దాకా ఎగుమతి చేయవచ్చు. అయితే మీ స్నేహితులు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. విండోస్ మీద నడిచే ఉచిత ప్రతికి 10 బిట్ హెచ్.264, హెచ్.265 ఫైళ్ళ విషయంలో పరిమితులున్నాయి, అంటే మీ ఇబ్బంది ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే అది చేయి చాలనిదవుతుంది. ఆ హద్దులు లేని స్టూడియో ప్రతికి ఒకేసారి 295 డాలర్లు చెల్లించాలి, ఇప్పటివరకు తరువాతి వెర్షన్లకు మళ్ళీ డబ్బు అడగలేదు. అడోబీ 2013లోనే శాశ్వత కొనుగోలును వదిలి చందా పద్ధతికి వెళ్ళిపోయింది. నెలనెలా కట్టడం సీజన్‌ను బట్టి సంపాదించే మనవంటివారికి బరువు, మూఢంలో కూడా కట్టాలి కదా. దొంగ ప్రతుల జోలికి పోకండి. తెలియనివాడు తాళం పగలగొట్టి ఇచ్చిన ప్రోగ్రామును పెళ్ళిళ్ళ ఫుటేజీ ఉన్న సిస్టమ్‌లో ఎక్కించడమంటే, ఆ ఫైళ్ళన్నిటికీ వాడే తాళం వేసి డబ్బడిగే అవకాశాన్ని చేతులారా ఇవ్వడమే.

పన్నెండేళ్ళు ఎడియస్ మీద తిరిగిన చేతికి వేగం ఉంది, ఆ వేగమే మీ కూలి. జపాన్‌లో కెనోపస్ సంస్థ మొదట తయారుచేసిన ఆ ప్రోగ్రామ్ మన పెళ్ళి ఎడిటర్లకు అంతగా నచ్చడానికి కారణం, తక్కువ సిస్టమ్‌లోనూ రెండరింగ్ కోసం ఆగకుండా రకరకాల ఫైళ్ళను కలిపి నడిపించడమే. వైశాఖ ముహూర్తాల మధ్యలో కొత్త ప్రోగ్రాము పట్టుకుంటే ఆ వేగం పోతుంది, ఇవ్వవలసిన పెన్‌డ్రైవులు పేరుకుపోతాయి. ఆషాఢంలో ఒక పాత పెళ్ళి హైలైట్స్‌ను రిజాల్వ్‌లో మళ్ళీ కట్ చేసి చూడండి. ఎడిటింగ్ ఎడియస్‌లో ముగించి, తేలిన హైలైట్స్‌ను ఒక్కదానినే రిజాల్వ్‌లోకి తెచ్చి రంగులు దిద్దుకోవడం మధ్యేమార్గం.

వార్తల విషయంలో కూడా ఈ పంచాంగమే పనికొస్తుంది. ఈ రంగంలో పెద్ద ప్రకటనలు ఎక్కువగా ఏడాదికి రెండుసార్లు వస్తాయి: ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో జరిగే నాబ్ ప్రదర్శనలో, సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగే ఐబీసీలో. మొదటిది మనకు సీజన్ నడుమ పడుతుంది, రెండోది చాలాసార్లు భాద్రపదంలో పడుతుంది. ఏప్రిల్ వార్తలు చదవండి గాని కొత్త వెర్షన్ ఎక్కించకండి. రిజాల్వ్‌లోనైనా ప్రీమియర్‌లోనైనా కొత్త వెర్షన్‌లో తెరిచి భద్రపరచిన ప్రాజెక్టును మళ్ళీ పాత వెర్షన్‌లో తెరవడం కుదరదు. సగం అయిన పెళ్ళిని పట్టుకుని ఆ నదిలో దిగవద్దు, ప్రాజెక్టుల బ్యాకప్ తీసి పెట్టుకుని ఖాళీ నెలలో దిగండి.

ఏఐ వార్తలను నేను చదివే పద్ధతి ఇది: ఆ పనిముట్టు దేనిని గుర్తుపట్టడానికి తయారైంది, మన ఫుటేజీలో అది ఉందా? రిజాల్వ్ 20వ వెర్షన్‌లో, 2025లో, ఒకేసారి తీసిన పలు కెమెరాల (మల్టీకామ్) మధ్య తనంతట తాను మారే పనిముట్టు ఒకటి ప్రకటించారు. మాట్లాడుతున్న మనిషి ఎవరో కనిపెట్టి ఆ కెమెరాకు కట్ చేస్తుంది. ఇంటర్వ్యూలకు అది మంచి సాయం. మన మండపంలో పెట్టి చూడండి. ముహూర్తం పొడవునా మాట్లాడేది పురోహితుడు ఒక్కడే కాబట్టి పెళ్ళంతా ఆయన ముఖం మీదే గడిచిపోతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఎవరూ మాట్లాడరు, సన్నాయి మాత్రం చెవులు బద్దలయ్యేలా మోగుతుంది. ఆ శబ్దానికి ఏ కెమెరాకు మారాలో తెలిసినది మీకే. గంపలో పెళ్ళికూతురిని తెచ్చే మేనమామ షాటు హైలైట్స్‌లో లేకపోతే ఆ ఇంటి నుంచి ఎలాంటి ఫోను వస్తుందో కూడా మీకే తెలుసు.

ప్రీమియర్‌లో 2025 ఏప్రిల్‌లో వచ్చిన జెనరేటివ్ ఎక్స్‌టెండ్ ఒక క్లిప్పు చివర రెండు సెకన్ల వరకు లేని వీడియోను సృష్టించి అతికిస్తుంది. పువ్వుల అలంకరణ షాటు పాట తాళానికి కాస్త పొట్టిగా ఉంటే వాడుకోవచ్చు. మాంగల్యధారణ షాటుకు మాత్రం ఎన్నడూ వాడకండి. ఆ చేతులు నిజంగా అలా కదలలేదని ఎవరూ కనిపెట్టలేకపోవచ్చు, కాని ఆ ఇంటివారు ముప్పై ఏళ్ళ తరువాత పిల్లలకు చూపించేది మీ ఫైలునే. దానితోపాటే వచ్చిన వెతుకులాట సౌకర్యం నాకు నచ్చింది. క్లిప్పులో కనిపించేదాన్ని మాటల్లో చెబితే వెతికి తెస్తుంది, పదిహేను గంటల ఫుటేజీలో దీపాల షాట్లు ఏరుకోవడానికి అటువంటిదే కావాలి. మాటను అక్షరాలుగా మార్చే పనిముట్లలో, ఓపెన్‌ఏఐ 2022లో ఉచితంగా విడుదల చేసిన విస్పర్‌కు తెలుగు వచ్చు. స్పష్టంగా మాట్లాడిన మాటలకు అది ఉపశీర్షికల చిత్తుప్రతి ఇస్తుంది, మన గోదావరి యాసకు, అందులోనూ మైకు దగ్గర హాస్యమాడే బాబాయిలకు, ప్రతి వరుసా చేత్తో దిద్దుకోవాలి. మీకు గల్ఫ్‌లో ఉన్న ఖాతాదారులు ఉంటారు కాబట్టి, అడోబీ 2021లో కొన్న ఫ్రేమ్.ఐఓ వంటివి కూడా గమనించండి. కువైట్‌లో ఉన్న అన్నగారు వీడియో చూస్తూ మార్పు కావలసిన చోటే వ్యాఖ్య రాస్తే, అది ఆ ఫ్రేము మీదే మీకు కనిపిస్తుంది. ‘అక్కడెక్కడో మధ్యలో మా అత్తగారు’ అనే వాయిస్ మెసేజీల బాధ తప్పుతుంది.

వత్తులు విడిపోవడానికి కారణం, చాలా టైటిల్ పనిముట్లు ఇంగ్లీషు అక్షరాలలాగా ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రాధాన్యాలలో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైప్ ప్రాధాన్యాలలో దక్షిణాసియా, మధ్యప్రాచ్య లిపుల టెక్స్ట్ ఇంజిన్ అనే ఎంపిక ఉంటుంది. దానిని పెట్టి, ప్రోగ్రామును మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ రాయండి, వత్తులూ గుణింతాలూ కుదురుకుంటాయి. అను ఫాంట్లతో పాత పద్ధతిలో రాసినవి యూనికోడ్ కావు కాబట్టి వాటిని మళ్ళీ టైపు చేయాలి. రామభద్ర, సురన్న, మండలి, ధూర్జటి వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, శుభలేఖ పేర్లకు బాగుంటాయి. ఎడియస్ టైటిలర్‌లో కుదరనప్పుడు ఫోటోషాప్‌లో భారతీయ లిపులకు సరిపోయే లేఅవుట్ ఎంచుకుని రాసి, వెనుక రంగు లేకుండా పీఎన్‌జీగా భద్రపరచి తెచ్చుకోండి. వధూవరుల పేర్లు పెద్దవాళ్ళ చేత చదివించిన తరువాతే ఎగుమతి చేయండి.

చివరగా నాన్నగారి టేపులు. కొత్త సిస్టమ్ కొన్నా పాతదాన్ని అమ్మవద్దు, కారణం ఈ టేపులే. దానికి ఫైర్‌వైర్ అనే పాతకాలపు కేబుల్ పోర్టు గాని, ఆ కార్డు పెట్టే చోటు గాని ఉంటే మినీ డీవీ టేపులకు అంతకంటే మంచి దారి లేదు. టేపు మీద ఉన్న డిజిటల్ సమాచారమే ఉన్నదున్నట్టుగా ఫైలులోకి వస్తుంది, గంటకు 13 జీబీ చొప్పున. నాణ్యత తగ్గదు, మధ్యలో ఏ మార్పిడీ వద్దు. వీహెచ్‌ఎస్‌కు ఆ సౌకర్యం లేదు, ప్లేయర్ నుంచి వచ్చే అనలాగ్ సంకేతాన్ని డిజిటల్‌గా మార్చే పెట్టె కావాలి. కెనోపస్ వారి ఏడీవీసీ పెట్టెలు పాత స్టూడియోల మూలల్లో ఇంకా దొరుకుతాయి, పనిచేసేది కనబడితే వదలకండి. వీహెచ్‌ఎస్ ప్లేయర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది, కాబట్టి మీ దగ్గరున్న ప్లేయరే ఇక ఆస్తి.

అటక మీద తేమకు టేపు అంచుల వెంట తెల్లగా బూజు పట్టి ఉంటుంది. దాన్ని అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్లకు అంటుకుని, తరువాతి టేపును కూడా పాడుచేస్తుంది. ముందు టేపులను కిందికి దించి, కిటికీ వెలుతురులో ఒక్కొక్కటీ చూసి, శుభ్రంగా ఉన్నవాటిని వేరు చేసి వాటితోనే మొదలుపెట్టండి. బూజున్నవి విడిగా, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, మూతగట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, వాటిని శుభ్రం చేయడం తెలిసినవారికే అప్పగించండి. క్యాప్చర్ చేసినప్పుడు పాత వీడియోలోని అడ్డగీతలు చూసి కంగారుపడి అప్పుడే వాటిని తీసేసే డీఇంటర్‌లేస్ చేయకండి. గీతలతో ఉన్న అసలు ఫైలును అలాగే దాచి, చూసుకోవడానికి వేరే ప్రతి తయారుచేసుకోండి. ఈ పనికి కూడా ఆషాఢమే మంచిది, ఒక గంట టేపు ఎక్కడానికి ఒక గంటా పడుతుంది, పక్కన మనిషి ఉండాలి.